సడలింపు రెండు ఊళ్లకు ఒక్కనాడు రాలేదు

2020 ఏప్రిల్ 24న దుబాయిలో రంజాన్ నెల మొదలైంది. అదే రోజు నుంచి అక్కడి సర్కారు జనాన్ని మళ్లీ బయట తిరగనిచ్చింది. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా పర్మిట్ అడగరు. మాల్‌లు మధ్యాహ్నం పన్నెండుకు తెరిచి రాత్రి పదింటికి మూయాలి, లోపలికి నూటికి ముప్పై మందినే పంపాలి. మాస్క్ లేకుండా కనబడితే జరిమానా. మొదట్లో వెయ్యి దిర్హాములు, మే నెలలో దాన్ని మూడు వేలకు పెంచారు. అంతకు ముందు మూడు వారాలు ఆ ఊరు ఊరంతా ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనే. కూరగాయలకు పోవాలన్నా ఫోన్‌లో పర్మిట్ తీసుకోవాలి, ఇంటికి ఒక్కరే పోవాలి.

ఆ సాయంత్రం బర్ దుబాయిలో మీనా బజార్ వెనుక గల్లీలో ఉండే మన గోకుంద జంట ఒకటి కిందికి దిగింది. ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు. "మూడు వారాల తర్వాత లిఫ్ట్ ఎక్కినం. కిందికొచ్చినంక కాళ్లు ఎటు పోతే అటు పోయినం. క్రీక్ ఒడ్డుకు చేరినం" అంటుంది కోడలు. క్రీక్ అంటే సముద్రం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన పాయ. ఇవతల బర్ దుబాయి, అవతల దేరా. ఒక్క దిర్హాముకు అబ్రా అనే పడవ ఎక్కితే అవతలి గట్టున దింపుతుంది. ఆ అవతలి గట్టునే ఆమె భర్త పనిచేసే బట్టల హోల్‌సేల్ దుకాణం, దాని గోదాము.

ఈ జంట పేర్లు వేయొద్దన్నారు. సేఠ్ పేరు, కంపెనీ పేరు కూడా వద్దన్నారు. వేయట్లేదు. ఇద్దరూ మన ఇళ్లల్లో పిల్లలే. అతని తండ్రి, అంటే మన పత్రిక చదివే చాలామందికి తెలిసిన కాకా, 1982లో బొంబాయి గిర్నీలో బదిలీ కామ్‌గార్‌గా ఉన్నాడు. ఆ జనవరి 18న దత్తా సామంత్ పిలుపు మీద రెండున్నర లక్షల మంది పని ఆపేసిన సంప్ సంగతి మన వాళ్లకు చెప్పనక్కర లేదు. నెల రోజుల్లో తేలుతుందని కాకా ట్రంకుపెట్టె ఖోలీలోనే వదిలేసి ఊరికొచ్చాడు. ఆ సంప్ ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు. పెట్టె అక్కడే పోయింది. తర్వాత కిన్వట్ చుట్టుపక్కల జిన్నింగ్‌లలో పనిచేశాడు. ఇప్పుడు నెలకు వెయ్యి చిల్లర పింఛను వస్తుంది. కొడుకు దుబాయి నుంచి పంపే పది వేలే ఆ ఇంటికి ఆధారం.

ఈ ఉగాదికి కొడుకూ కోడలూ రెండేళ్లకు పైగా గడిచాక ఇంటికొచ్చారు. నాలుగు సాయంత్రాలు వాళ్ల అరుగు మీద కూర్చొని విన్నదే ఇక్కడ రాస్తున్నాను. గల్ఫ్ అంటే మన ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు వాళ్లకు లేబర్ క్యాంపు గుర్తొస్తుంది. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఊళ్లో భార్య. జంటగా ఉండటం అక్కడ చాలామందికి అందని సంగతి. భార్యను తన స్పాన్సర్‌షిప్ మీద తెచ్చుకోవాలంటే నెలకు నాలుగు వేల దిర్హాముల పగార్ ఉండాలి, లేదా మూడు వేలు ఇచ్చి కంపెనీ ఇల్లు కూడా ఇవ్వాలి. 2019 నుంచి ఉన్న రూలు ఇది. ఇతని పగార్ సరిగ్గా నాలుగు వేలు. అంటే గీత మీద నిలబడ్డ జంట. ఒక ఫ్లాట్‌లో మూడు కుటుంబాలు, వీళ్లకు ఒక గది. వంటిల్లు అందరిదీ. గది అద్దె 1,700. ఆమె ఒక నర్సరీలో పిల్లలను చూసుకునే పని చేసేది, 1,800 వచ్చేది. రెండు పగార్లు కలిస్తేనే గోకుందకు పది వేల రూపాయలు, చేతిలో నాలుగు రాళ్లు.

వసంత పంచమికి వచ్చిన బిడ్డ

అసలు ముడి పడింది ఇక్కడే. వాళ్లకు ఒక్కతే బిడ్డ. 2020 జనవరిలో ఆ పిల్లకు నాలుగున్నర ఏళ్లు. వసంత పంచమికి బాసరలో అక్షరాభ్యాసం చేయించాలని అవ్వ పట్టుబట్టింది. మనకు బాసర ఎంత దూరం? తల్లీ బిడ్డా వచ్చారు. పళ్లెంలో బియ్యం మీద ఓనమాలు దిద్దించారు. కోడలికి సుట్టి అయిపోయింది. పిల్లకు దగ్గు, జ్వరం తగ్గలేదు. "ఏప్రిల్‌ల బాపు వచ్చి తీస్కపోతడు, అప్పటిదాంక అవ్వకాడ ఉండు" అని చెప్పి ఫిబ్రవరిలో ఆమె ఒక్కతే వెళ్లిపోయింది.

మార్చి 1 నుంచి అక్కడ నర్సరీలు మూశారు. ఆమె పగార్ ఆగింది. మార్చి 22 తర్వాత మన దేశానికి విదేశీ విమానాలు ఆగాయి. మార్చి 31న దేరాలో అల్ రాస్ ప్రాంతాన్ని పూర్తిగా మూసేశారు. లోపలి వాళ్లు బయటికి రావద్దు, బయటి వాళ్లు లోపలికి పోవద్దు. అల్ రాస్, పామ్ దేరా, బనియాస్ స్క్వేర్ మెట్రో స్టేషన్లకు తాళం. దుకాణం గోదాము అందులోనే ఉంది. థాన్లు థాన్లుగా పాలిస్టర్, కాటన్, రంజాన్ కోసం తెప్పించిన సరుకంతా లోపల చిక్కింది. రంజాన్ ముందు నెల రోజులే ఆ వ్యాపారానికి మన దసరా, దీపావళి లాంటివి. సీజన్ పోయిందంటే సేఠ్‌కు ఏడాది పోయినట్టే.

ఏప్రిల్ మొదట్లో సేఠ్ ఫోన్ చేశాడు, కాగితం పంపాడు. సగం పగార్ మీద ఒప్పుకుంటూ సంతకం చేయాలి. అక్కడి కార్మిక శాఖ మార్చిలో 279 నంబరు ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు పనివాళ్లతో ఒప్పుకొని పగార్ తాత్కాలికంగా తగ్గించవచ్చు, జీతంతోనో జీతం లేకుండానో సుట్టి ఇవ్వవచ్చు అని. ఒప్పుకొని అనే మాట కాగితం మీద ఉంది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సంతకం చేశాడు. నాలుగు వేలు రెండు వేలయ్యాయి. అద్దె పోను మిగిలింది మూడు వందలు.

ఆ రాత్రి తండ్రికి చెప్పాడు. కాకా ఒకటే అడిగాడట. "తాత్కాలికం అని రాసిన్రా, తారీకు రాసిన్రా?" తారీకు రాయలేదు. ఆ ప్రశ్న అడగడానికి 1982 చూసి ఉండాలి.

ఆ మూడు వారాలూ ఎలా గడిచాయని అడిగితే కోడలు నవ్వింది. నేను కష్టాలు చెబుతుందనుకున్నాను. "వదినె, నిజం జెప్తున్న. మా పెండ్లయినంక ఆయన ఇంట్ల గన్ని దినాలు ఎన్నడూ లేడు" అంది. అక్కడ బజారు దుకాణాల పని ఎలా ఉంటుందంటే పొద్దున తొమ్మిదికి పోవాలి, ఒంటిగంటకు మూత, మళ్లీ నాలుగింటి నుంచి రాత్రి పది. శుక్రవారం పొద్దున ఒక్కపూట సుట్టి. మొగుడూ పెళ్లాం కలిసి కూర్చొని తిన్నది తక్కువ. తాళం పడ్డాక మూడు పూటలా కలిసి తిన్నారు. బియ్యం, కందిపప్పు, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి. గోధుమపిండి అయిపోతే మరో కుటుంబం ఇచ్చింది, ఉప్పు వీళ్లిచ్చారు. మూడు కుటుంబాలు వంటింటికి పాళీలు వేసుకున్నాయి. మొదటి పాళీ మలయాళీలది, రెండోది వీళ్లది, రాత్రి పాళీ నేపాలీ జంటది. పాళీ అన్న మాట ఆ ఫ్లాట్‌లో వీళ్లే అలవాటు చేశారు. కేరళ వాళ్లు కూడా ఇప్పుడు పాళీ అనే అంటారట.

అందరికీ మాస్కులు కుట్టింది ఆమే. కుట్టుమిషన్ లేదు, చేతి సూదితోనే. అత్తగారు మడతపెట్టి పంపిన పాత కాటన్ ధోతి ఒకటి పెట్టెలో ఉంది. మూడు పొరలు. ఎనిమిది మందికి రెండేసి చొప్పున పదహారు వచ్చాయి. ధోతి ఏ కౌంటు నూలో కాకా ఫోన్‌లోనే చెప్పాడని కొడుకు చెబుతుంటే కాకా మీసం కింద నవ్వుకున్నాడు.

రోజూ రాత్రి బిడ్డతో మాట. అక్కడ వాట్సాప్‌లో రాతలు పోతాయి కానీ కాల్ పోదు. అప్పట్లో నెలకు డబ్బు కట్టి బోటిమ్ అనే యాప్ పెట్టుకోవాల్సి వచ్చేది. మనకంటే అక్కడ గంటన్నర వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిది అంటే అక్కడ ఆరున్నర. పిల్ల అవ్వ ఒడిలో అన్నం తింటూ మాట్లాడేది. అక్కడ వీళ్లు ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి పెట్టి తినేవారు. గంట, గంటన్నర. ఆ మూడు వారాల్లో పిల్లకు తండ్రి దొరికినంతగా అంతకు ముందెన్నడూ దొరకలేదు. ఫోన్‌లోనే కావచ్చు, అయినా దొరికాడు.

తెరిచినంక

సడలింపు వచ్చాక మొదట పోయింది ఆ గంటన్నరే. ఇది నాకు తోచని సంగతి. ఆమె చెబితేనే అర్థమైంది.

ఏప్రిల్ 26న మెట్రో, బస్సులు మళ్లీ నడిచాయి. సీటు విడిచి సీటుకు స్టిక్కర్లు. ఆ రోజుల్లోనే అల్ రాస్ కూడా తెరిచారు. సేఠ్ మరుసటి రోజే పిలిచాడు. దుకాణం పన్నెండుకు తెరిచి పదింటికి మూత, మధ్యలో విరామం లేదు. పగార్ మాత్రం సగమే. అతను ఇంటికి చేరేసరికి పదిన్నర, అంటే మనకు అర్ధరాత్రి. పిల్ల అప్పటికి నిద్రలో ఉండేది. తల్లి ఒక్కతే మాట్లాడేది. "బాపు ఏడి?" అంటే "దుకాణం తెరిచిన్రు బిడ్డ" అనేది. "మల్ల ఎప్పుడు బంద్ జేస్తరు?" అని పిల్ల అడిగిందట. ఈ మాట చెప్పి కొడుకు లేచి లోపలికి పోయాడు, మంచినీళ్లు తెస్తానని.

మే 12న పార్కులు తెరిచారు, ఐదుగురికి మించి గుంపు ఉండొద్దని. మే 27 నుంచి రాత్రి పదకొండు దాకా తిరగొచ్చన్నారు, సినిమా హాళ్లు కూడా తెరిచారు. జూన్ 3న మాల్‌లు, ఆఫీసులు పూర్తిగా. మన దగ్గర అప్పుడే ‘మిషన్ బిగిన్ అగెయిన్’ అని మొదలుపెట్టారు. ఆమె ఈ తారీకులన్నీ వేళ్ల మీద చెబుతుంది. అందులో ఒకటి మాత్రం వేరేగా చెప్పింది. పన్నెండేళ్ల లోపు పిల్లలను అప్పటిదాకా మాల్‌లోకి రానివ్వలేదు. జూన్ 18 నుంచి రానిచ్చారు. "అప్పటిదాంక రోడ్ల మీద, షాపులల్ల పిల్లలే కనబడకపోయేటోళ్లు. అందరి ఇండ్లల్ల గిట్లనే ఉంటదిలే అనుకునేదాన్ని. గా దినం లూలూల ట్రాలీల కూసొని ఒక పిల్ల పోతున్నది. సామాన్ ఆడనే ఇడిసిపెట్టి ఇంటికొచ్చిన" అంది. మరీ ఎక్కువ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. మొదటి రెండూ గల్ఫ్ నుంచి కేరళకే. తర్వాత హైదరాబాద్‌కూ వచ్చాయి. కాన్సులేట్‌లో పేరు రాయించుకోవాలి. గర్భిణులు, ముసలివాళ్లు, పని పోయిన వాళ్లు ముందు. వీళ్లూ రాయించారు. పిలుపు జూన్ చివర్లో వచ్చింది. ఆ రాత్రి లెక్క వేసిన కాగితం ఆమె దగ్గర ఇంకా ఉంది, నాకు చూపించింది. నర్సరీ పిల్లలకిచ్చే రంగు కాగితం వెనక పెన్సిల్‌తో రాసిన లెక్క. ఒక పక్క టికెట్, హైదరాబాద్‌లో సొంత ఖర్చుతో ఏడు రోజుల క్వారంటైన్, ఆ పైన ఇంట్లో ఏడు రోజులు. రెండో పక్క తిరుగు టికెట్లు రెండు, పరీక్షలు, మళ్లీ రావడానికి అక్కడి ఇమ్మిగ్రేషన్ అనుమతి. అనుమతి దొరక్కపోతే? దాని ఎదురుగా అంకె లేదు, చిన్న గుండ్రం గీసి ఉంది.

ఆమె వీసా అతని మీద. అతని పగార్ కాగితం మీద నాలుగు వేలు, చేతికి రెండు వేలు. రెన్యువల్ వచ్చినప్పుడు ఏది చూస్తారో? ఆమె ఇక్కడ చిక్కుకుంటే ఆ గది కూడా వదిలేయాలి, అతను బెడ్ స్పేస్‌కు పోవాలి. గీత మీద నిలబడ్డ వాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఏమవుతుందో అన్న భయం అది. సీటు వదులుకున్నారు. దాన్ని ఇంకో గర్భిణికి ఇచ్చారని తర్వాత తెలిసింది. అవ్వకు మాత్రం కోపం వచ్చింది. "పైసల లెక్క జూసిన్రు, పిల్లను జూడలే" అని మా ఇంట్లో కూర్చొని ఏడ్చింది. అప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆ కాగితం చూశాక అలా అనబుద్ధి కావడం లేదు.

పగార్ సెప్టెంబరులో మూడు వంతులైంది, 2021 జనవరిలో నిండుగా వచ్చింది. కోసిన దాని బాకీ మాత్రం రాలేదు. ఆమెకూ నర్సరీ పని మళ్లీ దొరికింది, మూడు వందలు తక్కువకు. ఇద్దరూ టీకాలు వేయించుకున్నారు, అక్కడ ఉచితమే. ఏప్రిల్ 28న ఆమె వచ్చి, మే నడుమ బిడ్డను తీసుకొని పోవాలి. టికెట్లు కొన్నారు. పిల్లకు గౌన్లు, బూట్లు కొన్నారు. అవ్వ ఫోన్ ముందు టేపు పట్టి కొలిచిన కొలతలతో.

2021 ఏప్రిల్

ఆ నెల మన దగ్గర ఎలా ఉందో రాయనక్కర లేదు. ఏప్రిల్ 14 రాత్రి ఎనిమిది నుంచి మహారాష్ట్రలో మళ్లీ కట్టడి. కిన్వట్‌లో ఏ ఇంటి ముందు చూసినా మూలుగు. అవ్వ మొదటి డోసు వేయించుకొని పది రోజులు కాలేదు, దగ్గు పట్టుకుంది. ఏప్రిల్ 20న ఊపిరి ఆడక ఆదిలాబాద్ తీసుకుపోయారు. కాకా వెంట పోయాడు. పిల్లను మా ఇంట్లో పడుకోబెట్టుకున్నాను. తొమ్మిది రాత్రులు.

ఏప్రిల్ 22న యూఏఈ ప్రకటించింది. 24 అర్ధరాత్రి నుంచి భారత్ నుంచి వచ్చే ప్రయాణికులకు ప్రవేశం లేదు. అక్కడి నుంచి ఇక్కడికి రావచ్చు. తిరిగి పోవడానికి లేదు. మొదట పది రోజులకన్నారు, తర్వాత పొడిగించారు.

అదే రోజుల్లో దుబాయిలో హోటళ్లు, మాల్‌లు తెరిచే ఉన్నాయి. అది మళ్లీ రంజాన్ నెల. ఈసారి సరుకు చేతిలో ఉంది, దుకాణం కిటకిట. అతను పొద్దంతా థాన్లు విప్పి కొలిచేవాడు. జేబులో ఫోన్ మోగితే ఆదిలాబాద్ నుంచేమో అని చేయి వణికేదట. "ఆడ అంత మంచిగున్నది కాకా, గదే బాధ" అని అతను తండ్రి వయసున్న మా పక్కింటాయనతో అంటుంటే విన్నాను. ఊరంతా మూసి ఉంటే మనిషికి ఒక రకం ధైర్యం ఉంటుంది, అందరూ ఒకటే అని. చుట్టూ దీపాలు వెలుగుతుండగా ఒక్క మన ఇంట్లోనే చీకటి ఉంటే ఎవరితో చెప్పుకుంటాం?

పోవాలా వద్దా అన్న గొడవ ఆ గదిలో రెండు రాత్రులు నడిచింది. పోతానని ఆమె, పొమ్మని అతను. మళ్లీ పొద్దున వద్దని ఆమె, పోకపోతే ఎలా అని అతను. చివరికి మాట చెప్పింది కాకాయే. ఆసుపత్రి బయట చెట్టు కింద నుంచి ఫోన్ చేసి, "నువ్వొచ్చి ఏం జేస్తవ్ బిడ్డా, లోపటికి నన్నే పోనిస్తలేరు. పైసలు పంపు" అన్నాడు. పంపారు. టికెట్ డబ్బు వెనక్కి రావడానికి నెలలు పట్టింది. అందుకని ఫ్లాట్‌లో ఉన్న కేరళ కుటుంబం దగ్గర, నేపాలీ జంట దగ్గర చేబదులు తీసుకొని నలభై వేలు పంపారు. ఇరవై తొమ్మిదో తారీకున అవ్వ ఇంటికొచ్చింది, ఆక్సిజన్ లేకుండా, మా చేతి మీద ఆనుకొని.

మా ఇంట్లో ఉన్న ఆ తొమ్మిది రాత్రుల్లో పిల్ల నన్ను ఒక్కసారి కూడా తల్లిని అడగలేదు. అవ్వనే అడిగింది. ఈ సంగతి ఇన్నాళ్లూ కోడలికి చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను, రాయమంటే రాస్తాను లేకుంటే లేదు అన్నాను. కాసేపు ఆగి "రాయుండ్రి" అంది.

పాస్‌పోర్ట్ సంగతి

ఆగస్టు 5 నుంచి యూఏఈలో టీకా వేయించుకున్న రెసిడెంట్లను తిరిగి రానిచ్చారు. ఇక అడ్డు లేదనుకున్నారు. అప్పుడు పెట్టె తీసి చూస్తే పిల్ల పాస్‌పోర్ట్ గడువు జూన్‌లోనే అయిపోయింది. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లకే. పెద్దవాళ్లది పదేళ్లు కదా అని మన వాళ్లు చాలామంది దీన్ని మరిచిపోతారు. ఎవరింట్లోనైనా పిల్లల పాస్‌పోర్ట్ ఉంటే ఈ పూటే తీసి తారీకు చూడండి. పిల్ల వీసా అంతకు ముందే పోయింది. తల్లిదండ్రులు బయట ఉన్నప్పుడు పిల్ల పాస్‌పోర్ట్ చేయించాలంటే వాళ్ల సంతకాలు అక్కడి కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. పంపారు. ఒక కాగితంలో అవ్వ ఇంటిపేరు ఒకలా, ఇంకో కాగితంలో ఒకలా ఉందని వెనక్కి వచ్చింది. ఒకటి మరాఠీలో, ఒకటి తెలుగు పలుకుబడిలో. సరిహద్దు ఊళ్లలో పుట్టిన వాళ్లందరికీ ఈ తంటా ఉన్నదే.

అక్టోబరు 1న ఎక్స్‌పో మొదలైంది. ఆరు నెలల జాతర. గుడారాల బట్ట, జెండాల బట్ట, యూనిఫారాల బట్ట అని దుకాణానికి ఊపిరి సలపలేదు, సుట్టి దొరకలేదు. డిసెంబరు 15 నుంచి మామూలు విమానాలు మొదలుపెడతామని మన సర్కారు చెప్పింది. ఒమిక్రాన్ వచ్చి అది వాయిదా పడింది. ఇక్కడ డిసెంబరు 1న పల్లెల్లో ఒకటి నుంచి నాలుగు తరగతుల బళ్లు తెరిచారు. అప్పుడు మొదటిసారి ఆ పిల్ల బడి లోపల అడుగుపెట్టింది, ఒకటో తరగతిలో సగం అయ్యాక. బాసరలో దిద్దిన ఓనమాలకు దాదాపు రెండేళ్ల తర్వాత. అదీ నెల రోజులే, జనవరిలో మళ్లీ మూసి, నెల చివర్లో తెరిచారు.

2022 జనవరి నుంచి అక్కడ వారపు సెలవులు శుక్ర, శనివారాల నుంచి శని, ఆదివారాలకు మారాయి. ప్రైవేటు దుకాణాలకు దానివల్ల పెద్దగా ఒరిగింది లేదు కానీ, నర్సరీలో పనిచేసే ఆమెకు ఆదివారం సుట్టి వచ్చింది. మనకూ ఆదివారమే. అలా తల్లీ బిడ్డా ఆదివారాలు పొద్దున్నే మాట్లాడుకోవడం మొదలైంది. ఫిబ్రవరి 26 నుంచి ఆరుబయట మాస్క్ అక్కర లేదన్నారు. "ఎదురు బిల్డింగ్‌ల ఒకామె దినాం చెయ్యి ఊపేది. ఏడాదిన్నర సంది కండ్లే ఎరుక. మొన్న ముఖం జూసినంక వేరే ఆమె అనుకున్న" అని నవ్వింది. ఇద్దరూ కలిసి చాయ్ తాగారట, మొదటిసారి.

మార్చి 27న మామూలు విదేశీ విమానాలు తిరిగి మొదలయ్యాయి. 30న వీళ్లు హైదరాబాద్‌లో దిగారు. ఎయిర్ సువిధ ఫారం తప్ప వేరే అడ్డు లేదు. బస్సులో ఆదిలాబాద్, అక్కడి నుంచి జీపులో కిన్వట్, ఇల్లు. మర్నాడే మహారాష్ట్ర సర్కారు ఉన్న ఆంక్షలన్నీ తీసేస్తున్నట్టు ప్రకటించింది. రెండు రోజులకు ఉగాది, ఇక్కడి వాళ్ల గుడి పడ్వా.

పిల్లకు ఇప్పుడు ఆరేళ్లు దాటాయి. తల్లి తెచ్చిన గౌన్లలో 2021లో కొన్నవి రెండు పెట్టెలోనే ఉండిపోయాయి, చేతులు పట్టలేదు. అవ్వ వాటి కుట్లు విప్పి, పక్కలకు వేరే బట్ట కలిపి పండగకు తొడిగింది. పిల్ల తల్లితో తెలుగు మాట్లాడుతుంది, తోటి పిల్లలతో మరాఠీ. తండ్రితో మొదటి రెండు రోజులు రెండూ మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి అతను వంటింట్లో తింటుంటే నీళ్ల సీసా తెచ్చి అతని ఎదురుగా పెట్టింది. ఫోన్ ఆనించడానికి అన్నట్టు. అతను ఫోన్ తీయలేదు, పిల్లను తీసుకొని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న వాదన పిల్లను తీసుకుపోవాలా, ఇక్కడే ఉంచాలా అన్నది. అక్కడ బడి ఫీజు ఎంత తక్కువ బడి చూసినా వీళ్ల రెండో పగార్‌లో సగం మింగుతుంది. గదిలో ముగ్గురు. ఇక్కడ ఉంచితే పిల్ల మళ్లీ ఫోన్‌లోనే. కోడలు మాత్రం తేల్చేసింది. "ఒకసారి ఇడిసిపెట్టి పోయిన వదినె. ఇగ పోను" అంది. కాకా అడ్డం చెప్పలేదు. అవ్వ అన్నం తినలేదు ఆ పూట.

ఏప్రిల్ రెండో వారంలో నాందేడ్ పోస్టాఫీసులోని పాస్‌పోర్ట్ కేంద్రానికి పోయి, ఇంటిపేరు ఒక్కటిగా రాయించి, ఇద్దరూ ఉండి సంతకాలు పెట్టారు. పాస్‌పోర్ట్ వచ్చాక అక్కడ వీసాకు వేయాలి. దానికి పగార్ సర్టిఫికెట్, గది అగ్రిమెంట్ కావాలి. గది ముగ్గురిది కాబట్టి అగ్రిమెంట్ ఎవరి పేరు మీద ఉందో అడగాలి. 20న ఇద్దరూ తిరిగి పోయారు. అన్నీ కుదిరితే జూన్‌లో కోడలు ఒక్కతే వచ్చి బిడ్డను తీసుకుపోతుంది. అవ్వను కూడా విజిట్ వీసా మీద ఒక నెల తీసుకుపోవాలని కొడుకు ఆలోచన, పిల్ల అక్కడ కుదురుకునేదాకా. ఖర్చు లెక్క ఇంకా వేయలేదు. అవ్వ నిన్న మా ఇంటికొచ్చి, విమానంలో జొన్నపిండి ఎన్ని కిలోలు ఎక్కనిస్తారో ఎవరినైనా అడిగి చెప్పమంది.